కాగితం కొలాజ్ చదునుగా ఎందుకు కనిపిస్తుంది, టెక్స్చర్ ఎలా తెప్పించాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కొండలు, చెరువు, ఆకాశం ఉన్న ఒక దృశ్యాన్ని కాగితం ముక్కలతో కొలాజ్ చేశారు. మంచి హ్యాండ్‌మేడ్ పేపర్ వాడారు, మూడు నాలుగు పొరలు వేశారు. అయినా గోడకు పెట్టి చూస్తే అచ్చు వేసిన బొమ్మలా చదునుగా ఉంది. ఇసుక, దారాలు, గుండీలు లాంటివి అంటిస్తే టెక్స్చర్ వస్తుందా, లేక కాగితంతోనే తెప్పించవచ్చా అని అడిగారు. బొమ్మ ఫోటో కూడా పెట్టి, ఫ్రేమ్‌కి గాజు వేయవచ్చా అన్నారు.

కాగితంతోనే వస్తుంది. పైన ఇంకేమీ అంటించక్కర్లేదు. అంటించక ముందు కాగితాన్ని మీరు ఏం చేశారన్న దాంట్లోనే టెక్స్చర్ చాలావరకు తేలిపోతుంది. చింపారా, నలిపారా, తడిపారా, గరుకు కాగితంతో (శాండ్‌పేపర్) రుద్దారా అన్నది ముఖ్యం. మీ ఫోటో చూస్తే, కాగితాన్ని కొన్నది కొన్నట్టే కత్తెరతో కత్తిరించి, జిగురు నిండుగా పూసి, గట్టిగా అదిమి అంటించినట్టు కనిపిస్తోంది. ఈ మూడూ కలిస్తే ఎంత మంచి కాగితమైనా చదునైపోతుంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా కాగితంతోనే బొమ్మలు చేస్తున్నాను, నేర్పిస్తున్నాను కూడా. కొత్తగా వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. రాత్రిపూట గదిలో లైట్లు ఆపేసి, మీ బొమ్మను బల్ల మీద పరచండి. ఫోన్ టార్చ్‌ని బొమ్మ అంచు దగ్గర, దాదాపు బల్లకు ఆనించినట్టు పెట్టి అడ్డంగా వెలుగు పడనివ్వండి. ఎక్కడెక్కడ నీడ పడుతోందో చూడండి. చేతికి తగిలే టెక్స్చర్ అంటే ఈ నీడలే. కాగితం అర మిల్లీమీటరు పైకి లేచినా పక్కవెలుగులో దాని నీడ స్పష్టంగా కనిపిస్తుంది. అదే బొమ్మను ఎదురుగా ఫ్లాష్ కొట్టి ఫోటో తీస్తే ఆ నీడలన్నీ మాయమైపోతాయి. మీరు పెట్టిన ఫోటో ఫ్లాష్‌తో తీసిందే అనిపిస్తోంది, కాబట్టి మీ బొమ్మ మీరు అనుకున్నంత చదునుగా లేకపోవచ్చు కూడా. నేనైతే పని చేసేటప్పుడే బల్ల మీది దీపాన్ని ఎడమ పక్కకు, కిందికి దించి పెట్టుకుంటాను. ఏ ముక్క లేస్తోంది, ఏది పడుకుంటోంది అన్నది అప్పటికప్పుడే తెలుస్తుంది.

టెక్స్చర్‌లో రెండు రకాలున్నాయని కూడా గుర్తుపెట్టుకోండి. ఒకటి చేతికి తగిలేది, రెండోది కంటికి మాత్రమే కనిపించేది. 1912లో ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జెస్ బ్రాక్ చెక్క గీతలు అచ్చు వేసిన వాల్‌పేపర్ ముక్కల్ని తన చిత్రంలో అంటించాడు. కాగితం నున్నగానే ఉంటుంది, చూసే కన్ను మాత్రం గరుకు చెక్కని చూస్తుంది. ఈ రెండోది తక్కువదేం కాదు. అయితే మీ ప్రశ్న మొదటి దాని గురించి కాబట్టి ఎక్కువగా దాని గురించే చెబుతాను.

కత్తెర పక్కన పెట్టి చింపడంతో మొదలుపెట్టండి. కత్తెర అంచు ఒక గీత లాంటిది. చింపిన అంచుకి మందం ఉంటుంది, పీచు ఉంటుంది, రంగులో తేడా ఉంటుంది. పైన మాత్రమే రంగు అచ్చయిన కాగితాన్ని, అంటే మ్యాగజైన్ పేజీ లాంటిదాన్ని చింపితే, రెండు ముక్కల్లో ఒకదాని అంచున తెల్లటి గీత బయటపడుతుంది, రెండోదానికి అది దాదాపు ఉండదు. మీరు లాగే వైపు మార్చితే ఆ తెల్ల అంచు రెండో ముక్కకి వస్తుంది. పనికిరాని పేజీ మీద నాలుగైదుసార్లు అటూ ఇటూ లాగి చూస్తే మీ చేతికి అలవాటైపోతుంది. కొండల అంచున ఆ తెల్ల గీత వస్తే పొగమంచులా ఉంటుంది, చెరువు గట్టున వస్తే నురగలా ఉంటుంది. ఎక్కడ కావాలో, ఎక్కడ వద్దో మీరే ఎంచుకోవచ్చు. గుజ్జులోనే రంగు కలిపి తయారుచేసిన కాగితానికి మాత్రం ఈ తెల్ల అంచు రాదు.

మిషన్ మీద తయారైన కాగితానికి గ్రెయిన్ ఉంటుంది, అంటే లోపలి పీచులు ఎక్కువగా ఒకే దిక్కుకి వాలి ఉంటాయి. న్యూస్‌పేపర్‌ని పైనుంచి కిందికి చింపితే తిన్నగా చీలుతుంది, అడ్డంగా చింపితే వంకరటింకరగా పోతుంది, చూసే ఉంటారు. పొడవాటి గడ్డిపోచలు కావాలంటే గ్రెయిన్ వెంట చింపండి. రాళ్లు, విరిగిన కొండ అంచులు కావాలంటే గ్రెయిన్‌కి అడ్డంగా చింపండి. చేత్తో తయారుచేసిన కాగితంలో పీచులు అన్ని వైపులకీ పరుచుకుని ఉంటాయి కాబట్టి అది ఎటు చింపినా దాదాపు ఒకేలా చిరుగుతుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తడి చింపు. సన్నని బ్రష్‌ని నీళ్లలో ముంచి, కాగితం మీద మీకు కావాల్సిన ఆకారం గీయండి. రెండుమూడుసార్లు అదే గీత మీద పోయి, నీరు ఇంకే వరకు ఒక నిమిషం ఆగండి. తర్వాత గీతకి రెండు వైపులా వేళ్లు ఆనించి మెల్లగా విడదీయండి. చింపకూడదు, ఊరికే లాగాలి. అంచు పొడుగునా పీచులు సన్నని వెంట్రుకల్లా బయటికి వస్తాయి. కోజో అనే పేపర్ మల్బరీ చెట్టు బెరడుతో చేసిన జపాన్ వాషి కాగితంలో పీచు సుమారు 10 మిల్లీమీటర్ల పొడవుంటుంది. మామూలు కాగితంలో వాడే చెక్క పీచు రకాన్ని బట్టి 1 నుంచి 3 మిల్లీమీటర్లే. అందుకే తడి చింపు వాషిలో అంత అందంగా వస్తుంది, ఫోటోకాపీ కాగితంలో ఊరికే తెగిపోతుంది. జపాన్‌లో చిగిరియె అనే కళ మొత్తం ఇలా చింపిన కాగితం మీదే నడుస్తుంది. దూరం నుంచి చూస్తే నీటిరంగులతో వేసిన చిత్రమేమో అనిపిస్తుంది.

మీ ఆకాశానికి ఇదే వాడమంటాను. మబ్బుల్ని కత్తెరతో కత్తిరించారు, అందుకే అవి స్టిక్కర్లలా ఉన్నాయి. తడి చింపుతో తీసిన పల్చని తెల్ల వాషి ముక్కల్ని ఒకదాని మీద ఒకటి సగం సగం కప్పుతూ వేస్తే, పీచులు కింది రంగులోకి కలిసిపోయి మబ్బు ఎక్కడ మొదలైందో చెప్పలేరు.

తర్వాతది నలపడం. దీన్ని అందరూ చేస్తారు, సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. కాగితాన్ని ఒకసారి ఉండ చేసి విప్పితే పెద్ద పెద్ద మడతలు నాలుగు వస్తాయి, అంతే. అవి చెత్తబుట్టలోంచి తీసినట్టే కనిపిస్తాయి. 70–80 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) కాగితం తీసుకుని ఉండ చేయండి, విప్పండి, మళ్లీ చేయండి. ఎనిమిది పది సార్లు అయ్యాక కాగితం చప్పుడు మారుతుంది. మొదట్లో కరకరలాడేది మెత్తబడి గుడ్డలా వంగుతుంది. వేలితో తడిమితే సన్నని నరాల అల్లిక తెలుస్తుంది. అప్పుడు ఆగండి. జపాన్‌లో మోమిగామి అని ఇలాగే నలిపి, కొంజాకు దుంప పిండి జిగురుతో బలపరిచిన కాగితంతో బట్టలు కూడా కుట్టుకునేవారు.

ఈ నలిపిన కాగితానికి రంగు ఎలా వేస్తారన్న దాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుంది. నీళ్లలా పల్చన చేసిన ముదురు రంగు పూస్తే, మడత దగ్గర కాగితం పైపూత విరిగి ఉంటుంది కాబట్టి రంగు ఆ పగుళ్లలోకి దిగుతుంది. ముదురు నరాలు, లేత నేల వస్తాయి. ఎండిన చెరువు మట్టి, ముసలి చెట్టు బెరడు దీంతో బాగా కుదురుతాయి. దీనికి భిన్నంగా, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌కి కొంచెం చిక్కటి లేత రంగు అద్ది, కాగితం మీద పైపైన తేలిగ్గా రాస్తే, రంగు మడతల శిఖరాలకే అంటుకుంటుంది, లోయలు ముదురుగా మిగిలిపోతాయి. రాతి కొండలకి ఇది బాగుంటుంది. రెండూ ఒకే కాగితం మీద చేయవచ్చు. ముందు తడి రంగు, అది పూర్తిగా ఆరాక పొడి బ్రష్. కొంచెం తడిగా ఉండగానే రెండోది వేస్తే మాత్రం రెండూ కలిసి బురద రంగైపోతుంది.

టిష్యూ పేపర్ సంగతి వేరు. అది 20 జీఎస్ఎం లోపే ఉంటుంది కాబట్టి నలిపాక దానికి తనంతట తాను నిలబడే బలం ఉండదు. దాన్ని అంటించేటప్పుడే ముడతలు పెట్టాలి. కింది భాగానికి మ్యాట్ మీడియం (ఆరాక మెరవని అక్రిలిక్ జిగురు) రాసి, కావాల్సిన దానికన్నా మూడో వంతు పెద్ద టిష్యూ ముక్క పరిచి, బ్రష్ కొనతో దాన్ని నెట్టుకుంటూ ముడతలు లేపండి. ఆరాక ఆ ముడతలు గట్టిపడతాయి. మీ చెరువులో అలలకి ఇది చాలు. నీటి అంచుకి దగ్గరగా ముడతలు ఎక్కువగా, దూరం పోయేకొద్దీ సన్నగా, చివరికి నున్నగా వచ్చేట్టు వేయండి.

చాలామందికి తట్టనిది ఒకటుంది, తీసేయడం. టెక్స్చర్ అనగానే ఇంకేం చేర్చాలా అని ఆలోచిస్తాం. వేసిన పొరల్ని గీకి, ఊడదీసి తెప్పించేది ఇంకా బాగుంటుంది. 1949 నుంచి పారిస్‌లో జాక్ విలెగ్లే, రేమండ్ ఎన్స్ అనే ఇద్దరు కళాకారులు గోడల మీద పొరలు పొరలుగా చిరిగిన పోస్టర్లను ఊడదీసి, వాటినే చిత్రాలుగా పెట్టారు. ఆ అందమంతా ఎవరో చింపేయడం వల్ల వచ్చిందే. మన బల్ల మీద అదే చేయాలంటే, మూడు నాలుగు వేర్వేరు రంగుల కాగితాల్ని ఒకదాని మీద ఒకటి అంటించండి. జిగురు పూర్తిగా పట్టక ముందే పై పొరని ఒక మూల నుంచి లాగండి. ఎక్కడ జిగురు పట్టిందో అక్కడ ఉండిపోతుంది, లేనిచోట ఊడి కిందిది కనిపిస్తుంది. జిగురు అక్కడక్కడా వదిలేసి రాస్తే ఎక్కడ ఊడాలో కొంతవరకు మీ చేతిలో ఉంటుంది.

పూర్తిగా ఆరిన పొరల్ని 220 నంబరు గరుకు కాగితంతో రుద్దడం ఇంకో దారి. ఒక రోజంతా ఆరనివ్వండి, తొందరపడితే కాగితం ఉండలు ఉండలుగా లేచిపోతుంది. మెరిసే మ్యాగజైన్ కాగితం మీద ఇది బాగా పనిచేస్తుంది. దాని పైన సన్నని ఖనిజపు పూత ఉంటుంది, అచ్చు రంగు ఆ పూత మీదే ఉంటుంది. రెండుసార్లు రుద్దగానే మెరుపు పోతుంది, ఇంకో నాలుగుసార్లకి బొమ్మ పాత ఫోటోలా వెలిసిపోతుంది, ఆ తర్వాత తెల్లటి పీచు బయటపడుతుంది. కింద మడత ఉన్న చోట ముందు అరుగుతుంది కాబట్టి, కావాలనే ఒక దారమో మడతపెట్టిన కాగితమో కింద పెట్టి అంటించి, తర్వాత రుద్దితే ఆ ఆకారం పైకి తేలుతుంది. దుమ్ము వస్తుంది, మాస్క్ పెట్టుకోండి.

1925లో మాక్స్ ఎర్నెస్ట్ అనే చిత్రకారుడు పాత చెక్క నేల మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది, ఆ గీతల్ని చిత్రాలుగా మలిచాడు. ఈ పద్ధతిని ఫ్రొటాజ్ అంటారు. ఆకులు, బుట్టలు, జాలీ, గరుకు గోడ, దేని మీదైనా పల్చటి కాగితం పెట్టి మైనపు క్రేయాన్‌తో రుద్దవచ్చు. ఆ కాగితం మీద నీటిరంగు పూస్తే మైనం ఉన్నచోట రంగు పట్టదు. అలా చేసుకున్న కాగితాల్ని నేను ఒక పెట్టెలో దాచుకుంటాను, ఏదైనా బొమ్మకి కావాల్సినప్పుడు చింపి వాడుకుంటాను.

మీరే కాగితం తయారుచేసుకోగలిగితే ఇంకా మంచిది. మిగిలిన ముక్కలన్నీ ఒక రాత్రంతా నానబెట్టి, ఎక్కువ నీళ్లు పోసి మిక్సీలో తిప్పి, ఆ గుజ్జుని సన్నని జాలీ మీద పరచండి. తడి కాగితం దేని మీద ఆరితే దాని ముద్ర పట్టుకుంటుంది. గాజు మీద ఆరబెడితే ఆ వైపు గాజులా నున్నగా వస్తుంది. గోనెగుడ్డ మీద ఆరబెడితే గోనె నేత దిగుతుంది. ముడతలు పెట్టిన గుడ్డ మీద ఆరబెడితే ముడతలు వస్తాయి. అదిమి ఆరబెట్టిన కాగితం కన్నా, వదిలేసి ఆరబెట్టిన కాగితం ఎగుడుదిగుడుగా ముడుచుకుంటుంది. అది లోపం అనుకుని ఇస్త్రీ చేసేవాళ్లున్నారు, దయచేసి చేయకండి. కొలాజ్‌కి కావాల్సింది అదే.

ఇంత కష్టపడి తెచ్చుకున్న టెక్స్చర్‌ని చాలామంది చివరి అయిదు నిమిషాల్లో పోగొట్టుకుంటారు, జిగురు దగ్గర. నలిపిన కాగితం వెనక జిగురు నిండుగా పూసి, పైన గుడ్డతో అదిమితే ఆ నరాలన్నీ సాపు అయిపోతాయి. కాగితానికి కాకుండా కింది అట్టకి జిగురు రాయండి. పల్చటి పొర చాలు. దాని మీద నలిపిన కాగితాన్ని పెట్టి, వేలి కొనలతో అక్కడక్కడా తాకించండి, రోలర్ వాడొద్దు. అంచులు రెండుచోట్ల లేచి ఉంటే అలాగే వదిలేయండి. ఆ లేచిన అంచు కిందే మంచి నీడ ఉంటుంది.

తెల్ల పీవీఏ జిగురు గట్టిగా పట్టుకుంటుంది, కానీ ముక్క పైకి పొర్లితే ఆరాక ప్లాస్టిక్ పొరలా మెరుస్తుంది. హ్యాండ్‌మేడ్ పేపర్‌లో చాలావాటికి నీరు పీల్చకుండా ఆపే పూత ఉండదు, జిగురు పీల్చేసుకుని మచ్చ పడుతుంది. పీచు కాగితాలకి నేను గోధుమ పిండి నుంచి తీసిన గంజి జిగురు గానీ, మిథైల్ సెల్యులోజ్ (నీళ్లలో కలుపుకునే పొడి జిగురు) గానీ వాడతాను. రెండూ ఆరాక కనిపించవు, తడిపితే ముక్కని మళ్లీ తీయవచ్చు. ఏ జిగురైనా ముందు అదే కాగితం చిన్న ముక్క మీద పరీక్షించండి.

కింద వేసే అట్ట పల్చగా ఉంటే ఇంకో సమస్య. కాగితం తడిస్తే గ్రెయిన్‌కి అడ్డంగా ఎక్కువగా సాగుతుంది, ఆరేటప్పుడు కుంచించుకుని కింది అట్టని విల్లులా వంచేస్తుంది. నా తొలి రోజుల్లో ఒక పెద్ద కొలాజ్ మొత్తం ఇలాగే వంగి, మధ్యలో పగిలింది. నెల రోజుల పని అది. అప్పటినుంచి 300 జీఎస్ఎం కన్నా పల్చటి కాగితం మీద కొలాజ్ చేయలేదు. పొరలు ఎక్కువైతే అట్ట వెనక కూడా అంతే బరువున్న కాగితాన్ని అదే జిగురుతో అంటిస్తాను, రెండు వైపుల లాగుడూ సరిపోతుంది.

ఇక మీరు అడగనిది ఒకటి చెప్పాలి. బొమ్మంతా టెక్స్చర్ నింపకండి. ఒకసారి నా దగ్గర నేర్చుకునే ఒకావిడ అడవి దృశ్యం చేసింది. చెట్లు నలిపిన కాగితం, ఆకులు చింపిన కాగితం, నేల గీకిన కాగితం, ఆకాశం ముడతల టిష్యూ. ఒక్కొక్కటీ విడిగా ఎంతో బాగుంది, కలిపి చూస్తే కంటికి నిలిచే చోటు లేదు. ఆకాశం తీసేసి నున్నటి బూడిదరంగు కాగితం ఒకటే వేయమన్నాను. వేయగానే బెరడు ముందుకు వచ్చింది, చేయి పెట్టి తడమాలనిపించింది. గరుకుతనం తెలియాలంటే పక్కన నునుపు ఉండాలి. 1772లో, 72 ఏళ్ల వయసులో మేరీ డెలానీ అనే ఇంగ్లండ్ మహిళ కాగితపు పూలు చేయడం మొదలుపెట్టింది. బ్రిటిష్ మ్యూజియంలో ఆమె చేసినవి 985 ఉన్నాయి. ఒక్కో పువ్వుకి వందల కొద్దీ సన్నని ముక్కలు, ఒకదాని మీద ఒకటి. వెనక మాత్రం ఒకటే నల్లని రంగు, ఇంకేమీ లేదు.

మీ బొమ్మలో అయితే ఆకాశాన్ని పల్చటి వాషి పొరలతో నిశ్శబ్దంగా ఉంచి, చెరువుకి ముందుభాగంలో మాత్రమే ముడతలు పెట్టి, బలమంతా దగ్గరి కొండకి ఇస్తాను. వెనక కొండలకి చింపిన తెల్ల అంచు ఒక్కటే చాలు. ఇసుక, గుండీలు అక్కర్లేదు. దారం కావాలంటే ఒకటి రెండు, అదీ కాగితం కింద.

కొన్ని జాగ్రత్తలు. న్యూస్‌పేపర్‌లో లిగ్నిన్ (చెక్కలో సహజంగా ఉండే పదార్థం) ఎక్కువ, అందుకే వెలుతురులో పచ్చబడి పెళుసెక్కుతుంది. ఆ అక్షరాల అందం కావాలంటే యాసిడ్ లేని కాగితం మీద లేజర్ ప్రింట్ తీసి వాడండి. ఇంక్‌జెట్ ప్రింట్ చాలావాటిలో తడి జిగురు తగలగానే రంగు కారుతుంది. రంగు టిష్యూల్లో చవక రకాలు త్వరగా వెలిసిపోతాయి. నాది ఒకటి కిటికీ ఎదురుగా పెట్టిన ఏడాదిలోపే ఎరుపు మొత్తం పోయి లేత గులాబీగా మిగిలింది. ఇప్పుడు తెల్ల టిష్యూ కొనుక్కుని, నేనే అక్రిలిక్ రంగు వేసుకుంటున్నాను.

ఫ్రేమ్ గురించి కూడా అడిగారు. గాజు పెట్టవచ్చు, దుమ్ము మడతల్లో చేరకుండా ఉంటుంది. అయితే గాజు కాగితానికి తగలకూడదు, తగిలితే ముడతలు అణిగిపోతాయి, తేమకి అంటుకుపోతుంది కూడా. గాజుకీ బొమ్మకీ మధ్య ఫ్రేమ్ లోపలి అంచు చుట్టూ సన్నని చెక్క పట్టీ వేయించండి. బొమ్మలో అన్నిటికన్నా ఎత్తుగా లేచిన మడతని స్కేలుతో కొలిచి, దానికి ఇంకో మూడు మిల్లీమీటర్లు కలిపి పట్టీ మందం చెప్పండి. వేలాడదీసేటప్పుడు కిటికీ ఉన్న గోడకి పక్క గోడ చూసుకోండి, కానీ నేరుగా ఎండ పడని చోటు. పగలంతా వెలుగు పక్కనుంచి వస్తుంది.